పావుగంట మీటింగు

నాకు ఇరవై రెండో ఏట ఉద్యోగం వచ్చింది. గుంటూరులో బి.ఏ. చదివాను కాబట్టి పల్లెటూళ్ళ ఆడవాళ్ళకి ఏం కావాలో నాకు తెలుసునని ప్రభుత్వం వారు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మేమిద్దరం ఏకీభవించిన విషయం అదొక్కటే.

గురజాలకి ఐదు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో వేశారు. పంచాయితీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. నాకప్పగించిన పనుల్లో తల్లీపిల్లల సంఘం ఒకటి. శనివారం సాయంత్రం చేల మీంచి వచ్చాక తల్లులు తమ పిల్లలతో ఒక గంట కూర్చుని ఏదో ఒకటి చెయ్యాలి. ఆటైనా సరే, కథైనా సరే, చిక్కుడు గింజ పాతడమైనా సరే. నేను పెట్టిన షరతల్లా తల్లీ పిల్లా కలిసి చెయ్యాలనే. ఊళ్ళోవాళ్ళకి ఇది వింతగా తోచింది.

"పిల్లలు ఆడుకోటానికి గవర్మెంటెందుకమ్మాయ్? వద్దంటేనే ఆడతారు గదా?" అని అడిగారు.

"పిల్లలకి కాదండీ, తల్లులకి నేర్పాలి" అన్నాను. జాలిగా చూశారు. పెళ్ళి కాని పిల్ల ఈ మాట అంటే ఎవరైనా జాలిగానే చూస్తారు.

నెలకోసారి కమిటీ కూర్చుని వచ్చే నాలుగు శనివారాల్లో ఏం చెయ్యాలో తేల్చాలి. కమిటీ అంటే ముగ్గురు.

మొదటామె పెద్దరైతు ఇల్లాలు. ఊళ్ళో సగం మందికి పెద్దమ్మ. మిగతా సగంతో వాళ్ళింటికి కోర్టులో వ్యాజ్యం నడుస్తుండేది. చిన్న మనవణ్ణి చంకనేసుకుని వచ్చేది. వాడు ప్రతి మీటింగులోనూ నిద్రపోయేవాడు. మా కమిటీలో నిలకడ గల సభ్యుడు వాడే.

రెండో ఆమె మిషన్ బడి టీచరమ్మ. ఇద్దరు పిల్లల తల్లి. ఏ మాటైనా ముందు మనసులో దిద్దుకుని, మార్కులు వేసుకుని, ఆ తరవాత బయటపెట్టేది.

మూడో ఆమె శిల్పులుండే దుర్గి అనే ఊరి నుంచి వచ్చింది కాబట్టి ఊళ్ళో అందరికీ దుర్గే. సొంత పేరు ఎవరూ అడగలేదు. రాతి పని చేసే ఇంటి మనిషి. ఊరివాళ్ళు శివాలయానికి నందిని చెక్కిస్తామంటే మొగుడితో వచ్చింది. నంది మెడదాకా వచ్చేసరికి, దాని ముఖం ఎలా ఉండాలన్న విషయంలో ఊళ్ళో రెండు పార్టీలకి తగాదా వచ్చి పని ఆగిపోయింది. తల లేని నందితో పాటు వాళ్ళూ ఊళ్ళో ఉండిపోయారు. ఆమె పెద్దమ్మగారి జొన్నచేలోకి కూలికి పోయేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఏడేళ్ళు. మాట రాలేదు. చెవులు వినపడతాయి, పిలిస్తే చూస్తుంది, నవ్వుతుంది, మాట మాత్రం లేదు. నర్సరావుపేట తీసుకుపోయి డాక్టరుకి చూపిస్తే "వస్తే వస్తుంది" అన్నాడట. శాస్త్రం అంతకన్నా ఖాయంగా చెప్పగలిగినవి మరీ ఎక్కువ లేవు.

మా మీటింగులు పంచాయితీ గదిలో జరిగేవి. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు, నాపరాయి గడప. ఎండాకాలం రొట్టెలు కాల్చుకోవచ్చు. రెండు చాపలుండేవి. ఒకదాని మీద పెద్దమ్మ, ఇంకోదాని మీద టీచరమ్మ. రెండు చాపలెందుకో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. దుర్గి ఆమె రెంటికీ దూరంగా, గడపకి దగ్గరగా నేల మీద కూర్చునేది.

మొదట్లో ఒక్కో మీటింగు మూడు గంటలు పట్టేది. పెద్దమ్మ వక్కలు కత్తిరిస్తూ గేదె ఈనిన సంగతితో మొదలుపెట్టేది. గేదె మీంచి దాని తవుడుకి, తవుడు మీంచి మిల్లువాడికి, మిల్లువాడి మీంచి వాడి రెండో పెళ్ళికి, అక్కణ్ణించి కోర్టు వాయిదాకి. టీచరమ్మ మధ్యలో ఒకటి రెండుసార్లు "మన విషయానికొస్తే" అనేది. మన విషయం ఎవరికోసమూ ఆగకుండా వెళ్ళిపోయేది.

చివరికి దీపాల వేళ అయిందని అందరూ లేచేవాళ్ళు. అప్పుడు దుర్గి ఆమె ఒక కాలు గడప బయటపెట్టి, ఒక కాలు లోపలుంచి, కొంగు సర్దుకుంటూ, "పోయొస్తానమ్మా" అనేది. అని, పోయేది కాదు. తలుపు చెక్క మీద ఏదో మరక ఉన్నట్టు గోటితో గీకేది.

"అన్నట్టు..." అనేది.

ఆ "అన్నట్టు" తరవాత వచ్చేదే అసలు మాట.

"అన్నట్టు అమ్మాయిగారూ, పిల్లల చేతికింత వాగు మట్టి ఇస్తే ఎట్టా ఉంటుందంటారు?"

అంతకుముందు మూడు గంటల్లో మేము తేల్చింది సున్న. ఆమె గడప మీద ఒక్క ముక్కలో ఆ నెలంతా తేల్చేసింది. నేను మళ్ళీ లోపలికి పోయి రిజిస్టరులో రాశాను: 'సభ్యులు సుదీర్ఘముగా చర్చించి, మట్టి బొమ్మలు చేయించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' గడప సంగతి రాయలేదు. రిజిస్టరులో గడపకి గడి లేదు.

మట్టి శనివారాలు బాగా సాగాయి. తల్లి ఎద్దు కాళ్ళు చేస్తే పిల్ల కొమ్ములు చెయ్యాలి. టీచరమ్మ పిల్లలు ఎడ్లకి నాలుగేసి కాళ్ళూ సరిగ్గా పెట్టారు. పెద్దమ్మ మనవడు ఒక కాలు తిన్నాడు. దుర్గి ఆమె, కూతురు ఒక మూల కూర్చుని నంది తల చేశారు. తల్లి నుదురు దాకా వేళ్ళతో లాగి చూపించి చెయ్యి తీసేస్తే, పిల్ల కళ్ళు పెట్టింది. ఊరి పార్టీలు రెండూ కలిసి ఏడాదిన్నరగా పెట్టలేకపోయిన కళ్ళు.

గంట అయిపోయింది, చేతులు కడుక్కోండి అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. ఖాళీ అయిన మట్టి తట్ట వైపు చూసి, నా వైపు చూసి, "ఇంకా" అంది.

తల్లి మట్టి చేతులతోనే నోరు మూసుకుంది.

"ఏమే దుర్గీ, నీ కూతురు నోరు తెరిచిందే!" అని పెద్దమ్మ అరిచింది. "తెరిచి ఏమడిగింది చూడు! ఇంకా అంట! అచ్చం ఆడపిల్లే!"

తరవాత నెలరోజుల్లో ఆ పిల్ల ఇంకో నాలుగు మాటలు అంది. అన్నీ శనివారాలే, అన్నీ ఆ గదిలోనే. "ఇంటికాడ ఎంత బతిమాలినా అనదమ్మా" అని తల్లి చెప్పింది. "ఇక్కడైతేనే. పదిమంది పిల్లలూ, వాళ్ళ అమ్మలూ ఉంటేనే."

ఆ సమయంలోనే మా పై అధికారి వచ్చి రిజిస్టరు చూశారు. మట్టి బొమ్మల గురించి అడగలేదు. మీటింగు మొదలైన వేళ, ముగిసిన వేళ చూశారు.

"మూడు గంటలా? ముగ్గురు ఆడవాళ్ళు మూడు గంటలు మాట్లాడుకోడానికి సమితి ఎందుకమ్మా?"

ఆ మాటకి సమాధానం నాకిప్పుడు తెలుసు. అప్పుడు సిగ్గుపడ్డాను. ఆయన వెళ్ళాక ఒక ఇంగ్లీషు కరపత్రం పంపించారు. సభలు క్లుప్తంగా, ఫలవంతంగా జరపడమెలాగో అందులో ఉంది. విషయాలు ముందే రాసి పెట్టుకోవాలి. ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని కేటాయించాలి. కూర్చుంటే సాగదీస్తారు కాబట్టి నిలబడి మాట్లాడుకోవాలి. చెప్పిన వేళకి మొదలెట్టి చెప్పిన వేళకి ముగించాలి. చదివితే ముచ్చటేసింది. అందులో ఒక్క తప్పూ లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

పంచాయితీ గది తలుపు మీద ఒక కాగితం అంటించాను. పైన పెద్దక్షరాలతో 'అజెండా' అని రాసి, కింద నాలుగు అంశాలు, ఎదురుగా నిమిషాలు. మొత్తం పావుగంట. పాత పద్ధతిలో ఆఖర్న 'ఇతర విషయములు' అని ఉండేది. దాని కింద ఎప్పుడూ ఏమీ రాయాల్సి రాలేదు కదా అని కొట్టేశాను.

ఆ రోజు పెద్దమ్మ రాలేదు. ఇంటికి పోయి అడిగాను.

"నేను రానమ్మాయ్. మా మామ వద్దన్నాడు. ఆ జెండా ఏ జెండానో తెలియకుండా పోవద్దన్నాడు."

"జెండా ఏంది పెద్దమ్మా?"

"నువ్వే రాశావు గదమ్మా తలుపు మీద. ఆ జెండా అని. మాకు ఇంటి మీద ఒక జెండా ఉంది. దాంతోనే కోర్టుకి తిరగలేక చస్తన్నాం. ఇంకో జెండా పట్టుకోమంటే నా వల్ల కాదు."

అది జెండా కాదు, ఇంగ్లీషు మాట, చేసే పనుల పట్టీ అని చెప్పాను. "మరి పట్టీ అని ఏడవచ్చుగా!" అంది. ఆ సాయంత్రమే కాగితం మార్చాను. బి.ఏ. లో నాకు ఇంగ్లీషు మొదటి క్లాసు మార్కులు.

మర్నాడు మళ్ళీ మీటింగు పెట్టి, చాపలు చుట్టి మూల పెట్టించాను. దానివల్ల ఎవరి చాప ఎవరిదన్న బాధ తీరింది, అది నేను సాధించిన సంఘ సంస్కరణ కింద లోలోపల జమ వేసుకున్నాను. బల్ల మీద టైంపీసు పెట్టాను. ముగ్గురూ నిలబడ్డారు.

"నిలబెట్టి మాట్లాడేది చావు కబురే" అంది పెద్దమ్మ. "ఎవురు పోయారే?"

"ఎవరూ పోలేదు పెద్దమ్మా. తొందరగా అయిపోతుందని."

"అదే నేననేది."

కానీ ఆశ్చర్యంగా పని జరిగింది. వచ్చే శనివారం చిక్కుడు గింజలు. ఎవరు తెస్తారు? పెద్దమ్మ. ఆ పైవారం తాటాకు బుట్టలు. ఎవరు చూపిస్తారు? టీచరమ్మ. పదమూడు నిమిషాల్లో నాలుగు శనివారాలు తేలాయి. గేదె మాట రాలేదు, మిల్లువాడి రెండో పెళ్ళి రాలేదు. మిగిలిన రెండు నిమిషాలు చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. నాకు చానా గర్వంగా ఉంది.

అందరూ బయటికి నడిచారు. దుర్గి ఆమె గడప మీద ఆగింది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. గోటితో తలుపు గీకింది. నేను అప్పటికే తాళం కప్ప చేతిలో పట్టుకుని ఉన్నాను. గురజాల బస్సుకి వేళవుతోంది.

"ఏమన్నా ఉందా?" అన్నాను.

ఆమె తాళం వైపు చూసింది.

"ఏం లేదమ్మా. పోయొస్తా."

ఏం లేదంటే ఏమీ లేదని నమ్మడం చదువుకున్నవాళ్ళ లక్షణం.

తరవాతి నెల మీటింగు పన్నెండు నిమిషాలు. ఆమె మళ్ళీ గడప మీద ఆగింది, నేను మళ్ళీ తాళంతో వెనకే ఉన్నాను. ఆమె దిగిపోయింది. మెట్టు మీద మాత్రం వెనక్కి తిరిగి, కప్పు వైపు చూసి, "ఈ గదికి ఎండ ఎక్కువ" అని వెళ్ళింది. అది మాట కాదని, మాట వచ్చే ముందు వేసే అడుగని నాకు తట్టలేదు.

మూడో నెల ఆమె అరగంట ముందే వచ్చింది. నేను లోపల పట్టీకి గీతలు కొడుతున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. పిల్ల కూడా ఉంది, తల్లి కుచ్చెళ్ళు పట్టుకుని.

"ఇంకా టైం కాలేదు దుర్గీ" అన్నాను.

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వి, బయట మెట్టు మీద కూర్చుంది. పిల్ల 'ఇంకా' అన్న మాట విని నా వైపు చూసింది. అది తన మాట. నేను గీతలు పూర్తి చేశాను. మీటింగు పదకొండు నిమిషాలు. మా మీటింగులన్నిట్లో అది రికార్డు.

ఆ శనివారం ఆమె, పిల్ల రాలేదు. ఆ వారం మళ్ళీ తాటాకు పనే. అది అయ్యాక అడిగితే పెద్దమ్మ చెప్పింది.

"డ్యాముకి పోయారు. గురువారం లారీ ఎక్కారు. మొగుడు అక్కడ రాళ్ళు చెక్కటానికి పోయి మూణ్ణెల్లు కాలా? వీళ్ళనీ తీసకపోయాడు."

కృష్ణ మీద డ్యాము కడుతున్న రోజులు. దేవుళ్ళని చెక్కే చేతులకి ఊళ్ళలో పని లేదు, అక్కడ గోడకి నలుచదరపు రాళ్ళు చెక్కే పని మాత్రం ఎంతమందికైనా ఉంది.

"మరి పిల్ల?"

"పిల్ల గురించే గదమ్మా దాని ఏడుపంతా. పోయేటప్పుడు మా గడపలో నిలబడి చెప్పింది. అన్నట్టు పెద్దమ్మా, మీ చావడి పక్క గది ఖాళీగా ఉంది గదా, నేనూ పిల్లా అందులో ఉండి మీ పనిపాటా చూసుకుంటే ఆయన ఒప్పుకునేవాడేమో, పిల్లకి నాలుగు మాటలొచ్చినాయి, ఇక్కణ్ణించి తీసకపోతే మళ్ళీ పోతాయేమోనని భయం అంది. అవతల లారీవాడు హారన్ కొడతన్నాడు. సామాను ఎక్కించేశారు. మొగుడు ముందు కూర్చోనున్నాడు. అప్పుడు చెప్తే నేనేం జెయ్యను?"

టీచరమ్మ చేతిలో తాటాకు అలాగే ఉంది. "మా బడిలో వేసేదాన్ని" అంది. "నా క్లాసులోనే కూర్చోబెట్టుకునేదాన్ని. ఒక్క మాట చెప్తే."

గది పెద్దమ్మ దగ్గరుంది. బడి టీచరమ్మ దగ్గరుంది. ముగ్గురూ నెలకోసారి ఒకే గదిలో, ఒకరికొకరు మూరెడు దూరంలో నిలబడ్డారు.

"మరి మీటింగులో చెప్పచ్చు కదా!" అన్నాను.

పెద్దమ్మ నా వైపు అదోలా చూసింది.

"ఎక్కడే నువ్వు చెప్పనిచ్చింది? సొంత గోడు పట్టీలో రాస్తారంటే? నాలుగు కబుర్లయ్యాక, లేచి పోయేటప్పుడు, గడపకాడ చెప్తారు. అడిగినట్టుండకూడదు, కాదన్నా బాధుండకూడదు. నువ్వు గడపకాడ నిలబడనిస్తేనా? తాళం పట్టుకుని మెడ మీద నిలబడితివి."

ఆవిడకి ఇంగ్లీషు రాదు గనక ఇదంతా తెలుసు.

వచ్చే నెల మీటింగుకి చాపలు పరిపించాను. టైంపీసు తీసేశాను. పట్టీ ఆఖర్న 'ఇతర విషయములు' అని మళ్ళీ రాశాను. ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. మూడు గంటలైనా కూర్చుందామన్నాను. పెద్దమ్మ గేదె సంగతి ఎత్తి, మధ్యలోనే ఆపేసింది. ఇరవై నిమిషాలకి మాటలైపోయాయి. ఇద్దరూ లేచారు. ఎవరూ గడప మీద ఆగలేదు. ఎవరికీ ఏమీ అడగాల్సింది లేదు.

ఈలోగా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నా మీటింగుల రికార్డు చూసి పై అధికారి సంతోషించారు. పదకొండు నిమిషాల్లో నాలుగు తీర్మానాలు చేసిన సంఘం మరొకటి లేదనీ, మిగతా ఊళ్ళవాళ్ళు ఈ పద్ధతి అనుసరించవలసిందనీ. దాన్ని రిజిస్టరులో అంటించాను. ఇంకెక్కడా పెట్టడానికి తోచలేదు.

నేను టీచరమ్మ దగ్గర మాట తీసుకున్నాను, పెద్దమ్మ దగ్గర గది ఖాయం చేసుకున్నాను. ఒక ఆదివారం మాచర్ల పోయి, అక్కణ్ణించి సిమెంటు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని డ్యాము దగ్గరికి పోయాను. తిరిగి పోయేటప్పుడు ఎక్కించుకుంటానన్నాడు. కూలీల గుడిసెల్లో దుర్గి ఎవరంటే అక్కడెవరికీ తెలియదు. అక్కడ దుర్గి వాళ్ళు చానామంది. ఆమె అసలు పేరు నాకు తెలియదు. మాట రాని పిల్ల తల్లి అంటే చూపించారు.

ఆ గుర్తు చెప్పగానే చూపించారంటే, సంగతి నాకు అప్పుడే తెలిసిపోవాల్సింది.

ఆమె నన్ను చూసి గాభరాపడి, గోనెపట్టా దులిపి వేసింది. మంచినీళ్ళిచ్చింది. పెద్దమ్మ ఎట్టా ఉంది, మనవడికి నడక వచ్చిందా, చిక్కుళ్ళు కాసినాయా అని అడిగింది. నేనూ తొందరపడలేదు. ఈసారి నేర్చుకునే వచ్చాను. గేదె సంగతి చెప్పాను. మిల్లువాడి సంగతి చెప్పాను. పిల్ల గుడిసె పక్కన రాతి పెళ్ళల మీద కూర్చుని ఒక పెళ్ళని ఇంకో పెళ్ళతో కొడుతోంది. నన్ను చూసింది. నవ్వింది. మళ్ళీ కొట్టుకుంది. నేనున్న గంటన్నరలోనూ నోరు తెరవలేదు. లోపల మొగుడు దగ్గుతున్నాడు. రాతి దుమ్ము దగ్గు.

గంట గడిచాక గదీ, బడీ సిద్ధంగా ఉన్నాయని చెప్పాను.

ఆమె లోపల దగ్గు వినపడే వైపు చూసింది.

"అప్పుడైతే కుదిరేదమ్మా" అంది. "అప్పుడు ఆయన బాగున్నాడు, ఒక్కడూ ఉండగలిగేవాడు. ఇప్పుడు రాత్రిపూట లేపి కూర్చోబెట్టాలి. వదిలిపెట్టి ఎట్టా వస్తాను?"

"పిల్లనొక్కదాన్నీ పంపించు. నా దగ్గర ఉంటుంది."

"అమ్మలు పక్కనుంటేనే గదమ్మా అది మాట్లాడింది."

మా సంఘం షరతు అదే. తల్లీ పిల్లా కలిసి చెయ్యాలి. నేనే పెట్టాను.

రోడ్డు మీద లారీ హారన్ వినపడింది. లేచాను. ఆమె నాతో వాకిటి దాకా వచ్చింది. వాకిలంటే రెండు బొంగుల మధ్య వేలాడే గోనెపట్టా. ఆ గుడిసెకి గడప లేదు. అయినా గడప ఉండాల్సిన చోట నేను ఆగాను. ఆమె పేరు ఇంకా అడగలేదు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. పిల్ల రాళ్ళు కొట్టడం ఆపి చూస్తోంది.

"అన్నట్టు..." అన్నాను.

ఆమె ఆగింది. "చెప్పండమ్మా" అంది. తొందరపెట్టలేదు. ఎంతసేపైనా నిలబడేటట్టే ఉంది.

లారీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

"ఏం లేదు" అన్నాను. "పోయొస్తా."